తునికాకు మీదుగా పోయిన సైకిళ్లు

అన్నయ్యకు శ్రీను నమస్కారాలు. నాకు ఇక్కడ ఒంట్లో బాగానే ఉంది. వదిన నడుం నొప్పి ఎలా ఉంది? చిన్నదానికి జ్వరం తగ్గిందా? ఇవన్నీ అడుగుతున్నాను కాబట్టి కోపం లేదనుకోకు. ఉంది.

ఆదివారం మీ ఆఫీసు వాళ్లను ఆరుగురిని ఖమ్మం నుంచి తీసుకొస్తున్నానని, గుట్ట దిగే దారి సిద్ధంగా ఉంచమని రాశావు. ఆ దారి ఇప్పుడు లేదు.

ఎర్రుపాలెంలో నా సైకిల్ షాపు మూయించి ఇక్కడికి పంపింది నువ్వే. భద్రాచలం అడవిలో సైకిల్ క్యాంపు, సెలవుల కోసం వచ్చే పెద్దమనుషులు, వాళ్ల గేర్ల సైకిళ్లు, రాజాలా బతకొచ్చన్నావు. అడవి గాలి పీల్చేది వాళ్లు, చైన్లకు నూనె పెట్టేది నేను. రేకుల షెడ్డులో పగలంతా ఉడికిపోతున్నాను. వాళ్లకు ఆమ్లెట్లు, నాకు మిగిలిన చారు. మనిషిలా పలకరించింది లచ్చమ్మ ఒక్కతే. క్యాంపు పక్క గూడెంలో తన ఇంటి వెనక గది నాకు కిరాయికిచ్చింది. అడగకుండానే రోజూ ఇంత అన్నం పెట్టేది.

చలికాలంలో గుట్ట మీంచి కిందిదాకా చెట్లకు సున్నం గుర్తులు వేసి దారి పెట్టింది నేనే. కింద చదునుగా, శుభ్రంగా ఒక జాగా కనిపించింది. ఎవరిదీ కాదనుకొని దారి దాని మధ్యలోంచి తీశాను. అది తునికాకు కల్లం. ఎండాకాలంలో ఆడవాళ్లు తెల్లవారకముందే అడవికి పోయి బీడీలాకు కోసి, యాభయ్యేసి ఆకుల కట్టలు కట్టి అక్కడ వరసగా పేరుస్తారు. సాయంత్రం ఆకు కొనే కాంట్రాక్టరు మనిషి, కల్లేదారు, వచ్చి చూసుకుంటాడు. చినిగిన కట్టను పక్కకు తోసేస్తాడు. ఒక్కమాట ఊళ్లో అడిగి ఉంటే తెలిసేది. అడగలేదు.

రెండు వారాల కింద నేను ట్యూబుల కోసం భద్రాచలం పోయిన రోజు క్యాంపుకొచ్చిన ఎనిమిది మంది నా గుర్తులు పట్టుకొని దిగారు. వరసల మధ్య వంకర్లు తిప్పుతూ, నవ్వుకుంటూ, ఫోటోలు దిగుతూ తొక్కారట. లచ్చమ్మ రెండు రోజుల ఆకు పొడిపొడి అయింది.

వాళ్లు దారి తప్పి వచ్చారని చెప్పమన్నాడు క్యాంపు ఓనరు. గుర్తుల సంగతి ఎత్తొద్దని నువ్వూ ఓనరుకు ఫోన్ చేసి చెప్పించావు. నేను నోరు మూసుకున్నాను. గూడెంలో వాళ్లు నా మీదికొస్తే లచ్చమ్మే అడ్డం నిలబడింది. ఆ పిల్లగాడు ఊళ్లోనే లేడు, వాని తప్పేం లేదని వాదించింది. మూడు రోజులు ఆ మాటలు వింటూ ఆమె పెట్టిన అన్నం తిన్నాను. నాలుగో రోజు కంచం పక్కన పెట్టి చెప్పేశాను.

ఆమె తిట్టలేదు. "మూడు దినాలు నా చేతి కూడు ఎట్ల తిన్నవ్ బిడ్డా?" అంది.

ఆ మాటకు జవాబు నీ దగ్గరుంటే రాయి.

ఆ పూటే పెట్టె సర్దుకొని గది ఖాళీ చేశాను. కత్తి పట్టుకొని గుట్టంతా తిరిగి ప్రతి గుర్తూ చెక్కేశాను. ఓనరు పొమ్మన్నాడు, ఇప్పుడు బడి వరండాలో పడుకుంటున్నాను. నీ ఆఫీసర్లకు సరదా కావాలంటే ఖమ్మం రోడ్ల మీద తొక్కుకోమను. ఇటు తీసుకొస్తే కల్లం ముందు నేనే అడ్డం ఉంటాను. తమ్ముడని కూడా చూడకు, నేనూ అన్నవని చూడను.

వదినకు, పెద్దనాన్నకు నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నీ దీవెన అడగాలి కాబట్టి అడుగుతున్నాను, ఇవ్వాలో వద్దో నీ ఇష్టం. జవాబు క్యాంపుకు రాయకు, లచ్చమ్మ ఇంటికీ రాయకు, బడికి రాయి.

రోజూ చీకటితోనే ఆడవాళ్ల వెనక దూరంగా పోయి ఆకు కోస్తున్నాను. కట్టలు ఆమె వరసలో పెట్టి వస్తున్నాను. ఆమె నాతో మాట్లాడదు. నిన్న మాత్రం నేను పెట్టిన కట్ట ఒకటి విప్పి, ఆకులు లెక్కపెట్టి, తక్కువైన రెండు ఆకులు తనవి కలిపి మళ్లీ కట్టింది.

ఇట్లు,
శ్రీను