బాబాయి అడిగిన ఫోటో

అక్కా,

మిషనులో చెయ్యి పడకుండా అడ్డుండే గార్డు తీయించింది ఓనరు. పని తొందరగా సాగాలని నలుగురి ముందే తీయించాడు. ఇప్పుడు "అతనే ఊడదీసుకున్నాడు" అంటున్నదీ ఓనరే.

క్షేమం రాయకుండా మొదలుపెట్టాడేంటి అని తిట్టుకోకు. అమ్మా నేనూ బాగున్నాం. ఆసుపత్రి డ్యూటీల మధ్య నువ్వూ వేళకు ఇంత తింటున్నావనే అనుకుంటున్నాను. పొడుగోడి వాళ్ల నాన్న, నీకు సైకిలు నేర్పిన బాబాయి, మంగళవారం పోయాడు. రేకులు వంచే మిషను దగ్గర.

నాకు కోపం రావాలి కదా. రావడం లేదు. అన్నం పెడితే తింటున్నాను, లేపితే లేస్తున్నాను.

నువ్వడిగినవి. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. కరపత్రాలు ఇంకా చదువుతూనే ఉన్నాను. నువ్విచ్చిన కెమెరా పాడుచేయలేదు. పొడుగోడి పెళ్లి ఫోటోల్లో సగం మందికి తలలు తెగిపోయాయి. పెళ్లికూతురు నవ్విన ఫోటో ఒకటి కుదిరింది, ఇందులో పెట్టాను.

ఆ పెళ్లికి ఓనరు కూడా వచ్చాడు. కష్టం దోచుకునేవాడి మొహం నా రీలులోకి రానివ్వనన్నాను. "ఒరేయ్, ఇది నా పెళ్లిరా, నీ కరపత్రం కాదు" అని నవ్వాడు పొడుగోడు. నేను వినలేదు. ఓనరు ఎటుంటే అటు కెమెరా తిప్పలేదు. బాబాయేమో కుర్చీ జరుపుతూ, కూల్ డ్రింకు అందిస్తూ రోజంతా ఆయన వెంటే ఉన్నాడు. ఒకాయన్ను తప్పించబోతే ఇద్దరూ తప్పిపోయారు.

ఇంతవరకు ఎవరికీ చెప్పనిది నీకు రాస్తున్నాను. చివర్లో బాబాయి చొక్కా సర్దుకుని ఓనరు పక్కన నిలబడ్డాడు. "అబ్బాయ్, మా ఇద్దరినీ ఒకటి తియ్యి" అన్నాడు. కెమెరా కంటికి పెట్టుకున్నాను. నొక్కినట్టు నటించాను.

"బాగా వచ్చిందా?" అన్నాడు.

"బ్రహ్మాండంగా వచ్చింది బాబాయ్" అన్నాను.

నిన్న పొడుగోడు వచ్చి గోడకానుకుని కూర్చున్నాడు. ఇంట్లో నాన్న ఫోటో లేదట. ఫ్యాక్టరీ కార్డు మీది ఫోటో చెమటకు చెరిగిపోయిందట. "ఓనరు పక్కన తీశావుగా, అదివ్వరా. నాన్న వరకు కత్తిరించి పెద్దది చేయిద్దాం, గేటు దగ్గర పట్టుకోవాలి. నీకు ఓనరంటే పడదు, అయినా తీశావు. ఆ రాత్రంతా నాన్న అదే చెప్పుకున్నాడు."

"కడగడానికిచ్చాను" అన్నాను. నా నోటి నుంచి అదే వచ్చింది.

పెళ్లికూతురి ఫోటో అంచు చూడు. గ్లాసు పట్టుకున్న చెయ్యి ఒకటి ఉంటుంది, బొటనవేలికి గోరు లేదు. ఎప్పుడో ఆ మిషనే తీసుకున్న గోరు. సైకిలు సీటు వెనక పట్టుకున్న చెయ్యి, నువ్వు గుర్తుపడతావు. నా దగ్గర బాబాయి ఉన్నది అంతవరకే. దాన్నే పెద్దది చేయిస్తున్నాను. మొహం ఎందుకు లేదో ముందు పొడుగోడికి చెబుతాను, తర్వాత అందరికీ. కొడితే కొట్టనీ.

గార్డు తీయించింది ఎవరో చూసినవాళ్లంతా నోరు విప్పుతామన్నారు. సెలవు దొరికితే నువ్వూ రా అక్కా. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, ఫ్యాక్టరీ గేటు ముందు.

ఇట్లు,
నీ తమ్ముడు