రెండు ఫోటోల నడుమ

బాపూ,

నువ్వు పోయినంక ఇవి మొదటి బోనాలు. మన ఛత్రినాకల నువ్వు కట్టే పోతరాజు వేషం ఈసారి వేరేటాయన కట్టిండు.

యూనివర్సిటీల యానిమేషన్ ప్రాజెక్టుకు నేను నీ ఆటనే తీసుకున్న. "వీడియో చూసి చెయ్యి" అంటడు మా సారు. ఏడకెళ్లి తేవాలె? ఉన్నయి రెండు ఫోటోలు. ఒకదాంట్ల కొరడా లేపినవ్, ఇంకోదాంట్ల నేలకు కొట్టినవ్. నడుమ కదలికలన్నీ కంప్యూటరే నింపింది.

మొకం నిండ పసుపు, వేపాకులు, గజ్జెలు మంచిగనే కుదిరినయి. గని నువ్వు గట్ల ఆడేటోనివి కాదు. మరెట్ల ఆడేటోనివో నేను చూసిందేడ? జనం తలకాయల మీదికెళ్లి నాకు నీ కొరడా కొసనే కనవడుతుండె.

నీ పేరు చెప్పకుండ అమ్మకు చూపెట్టిన. శానాసేపు చూసింది.

"మస్తుగుంది బిడ్డా. గీయన ఎవలు?" అన్నది.

"తెల్వదమ్మా" అన్న, బాపూ.