ఎర తడి ఆరకుండా

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. సిటీలోని మన్సూరా ఫ్లాటు ఖాళీ చేసి, ఈ ఉదయమే సముద్రం ఒడ్డున వక్రాలో దిగాం. ఇక్కడ రేవు దగ్గరే హమూర్ చేపలు పడతాయి. కంపెనీ బస్సు రాదు, డ్యూటీకి ఎలా పోతావని అందరూ అడిగారు. ఎలాగోలా పోతాను.

ఇల్లు మాత్రం నీ పద్ధతిలోనే ఎంచాను. "తడిగుడ్డలో చుట్టిన ఎర రొయ్య ఆరేలోగా సముద్రం చేరాలి, అదీ మనం ఉండాల్సిన ఇల్లు" అనేవాడివి కదా! చూసిన ప్రతి ఇంటి గుమ్మం నుంచీ తడిగుడ్డలో చుట్టిన రొయ్యలు పట్టుకుని నీళ్ళదాకా నడిచాను.

"ఏసీ చూడవా భాయ్?" అని బ్రోకర్ నవ్వాడు.

మొదటి రెండు ఇళ్ళ నుంచి వచ్చేసరికి గుడ్డ ఎండి అట్టకట్టింది. ఈ ఇంటి నుంచి నడిస్తే వేళ్ళకి తడి తగిలింది. ఏసీ పాతది, ఒకటే మోత. ఉండనీ.

నువ్వు పోయాక మా ఇంట్లో నీ చెల్లెలు మేరీ చేప వండనేలేదు. ఇందాక నేను గేలం బయటికి తీస్తుంటే చూసి, గిన్నెలో చింతపండు నానబెట్టింది.

"ఖాళీ చేతులతో వస్తే తలుపు తియ్యను. తలకాయ ముక్కలు కొట్టించకండి, అన్నయ్యకి అదే ఇష్టం" అంది.

వెళ్తున్నాను బావా, ఎర ఇంకా తడిగానే ఉంది.