నాలుగుసార్లు జిప్ చేసిన పెళ్లి ఫొటోలు

బామ్మర్దీ,

నేను స్టూడియో తెరవడానికి పోతున్నాను. లేవగానే కంప్యూటర్ ముందు కూర్చో. పెళ్లి ఫొటోలను జిప్ చేసి, ఆ జిప్‌నే మళ్లీ మళ్లీ, మొత్తం నాలుగుసార్లు జిప్ చేశావే, సైజు వెంట్రుకవాసి అయినా తగ్గిందా? ముందే పిండిన బట్టను ఇంకెంత పిండినా ఏం కారుతుంది? తొమ్మిదో తరగతితో బడి మానేసిన నాకు తెలిసిన ముక్క డిగ్రీ వెలగబెట్టిన నీకు తెలియలేదు. పైగా ఆ జిప్ తెరుచుకుంటుందో లేదో చూడకుండానే అసలు ఫొటోలు చెరిపేశావు. అది తెరుచుకోవడం లేదు మహానుభావా!

కెమెరా కార్డు బీరువాలో దాచాను. మళ్లీ కాపీ చేసి, మెయిల్‌లో పట్టేలా ముక్కలుగా జిప్ చేసి, ఒక్కొక్కటీ తెరిచి చూశాకే ఆల్బమ్ అచ్చేసేవాడికి పంపు. మధ్యాహ్నం పన్నెండు దాటితే పెళ్లివాళ్లు మన మొహాన ఉమ్మేస్తారు. కార్డు మాత్రం చెరపకు.

ఫొటోలు ఏమయ్యాయని మీ అక్క అడిగింది. కంప్యూటరే పాడైందని చెప్పాను. నువ్వూ అదే చెప్పు.