ఎడమ స్క్రూ తీసేటప్పుడు నా భార్యను లోపలికి రానివ్వాలని

జిల్లా వైద్యాధికారి గారి సముఖమునకు,

గనిలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరైన కొప్పుల గోపాలు, వయస్సు 66, ఇల్లందు, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా కింది దవడలోని ఎడమ స్క్రూ తీయు సమయమున నా భార్య శారదను నా పక్కన ఉండనిచ్చుట గురించి.

1. నాకు కింది పళ్ళు ఒక్కటీ లేవు. నాలుగేళ్ళ కింద దవడ ఎముకలో రెండు స్క్రూలు బిగించి, వాటి మీద పళ్ళసెట్టు కూర్చోబెట్టారు. రోజూ సెట్టు తీసి స్క్రూల చుట్టూ చిగురును మెత్తని బ్రష్షుతో శుభ్రం చేయాలని, ఆరు నెలలకొకసారి చూపించుకోవాలని చెప్పారు. ఒక ఏడాది చేసితిని. తరువాత గుర్తొచ్చినప్పుడే తోమితిని, చూపించుకొనుటకు పోనే లేదు. తప్పు నాదే.

2. ఈ వానలు మొదలైనప్పుడు ఎడమవైపు చిగురు ఉబ్బి బ్రష్షుకు రక్తం అంటింది. బ్రష్షు వల్లనే రక్తం వస్తున్నదనుకుని ఆ పక్క తోముట పూర్తిగా మానితిని. ఒకరోజు జొన్నరొట్టె నములుతుంటే స్క్రూ కదిలింది.

3. ఆ రోజు నుంచి పదకొండు రోజులు సెట్టు తీయలేదు. తీస్తే దాని వెంట స్క్రూ, స్క్రూ వెంట దవడ ఊడి వస్తుందని భయం. శారద "నోట్లె వాసనొస్తాంది, ఏమైంది?" అని అడిగితే ఏం లేదంటిని. పన్నెండో రోజు ఆమె "నువ్వు అన్నం నమలట్లేదు, మింగుతున్నవ్. నడువ్ దవాఖానకు" అని తీసుకుపోయింది.

4. దంత వైద్యురాలు ప్రసూన గారు ఎక్స్‌రే తీయించి, ఎడమ స్క్రూ చుట్టూ ఎముక సగానికి పైగా కరిగినందున దానిని తీయక తప్పదన్నారు. కుడివైపు చిగురు మాత్రమే వాచినదని, ఎముక గట్టిగానే ఉన్నదని, శుభ్రంగా ఉంచుకుంటే నిలుస్తుందని చెప్పారు. "దవడ ఊడదు పెద్దయ్యా. కానీ ఆలస్యం చేస్తే ఎముక ఇంకా పోతది" అని మంగళవారం రమ్మన్నారు.

5. మంగళవారం నేను కుర్చీలో కూర్చున్న మాట వాస్తవం. శారద బయట బెంచీ మీద ఉన్నది. డాక్టరమ్మ చిన్న కడ్డీతో కుడి స్క్రూను తట్టారు, గట్టి శబ్దం వచ్చింది. ఎడమది తట్టారు, డొల్ల శబ్దం వచ్చింది.

అయ్యా, గనిలో నా పని పైకప్పు రాయిని కడ్డీతో తట్టి చూసి బోల్టులు బిగించుట. డొల్ల శబ్దం వస్తే రాయి విడిపోయిందని అర్థం. అప్పుడు ఆలోచించరాదు, పరుగెత్తవలెను. ఒకసారి నేను అరిచి పరుగెత్తినందుకు ఐదుగురం బతికాము. మాతో పనిచేసే వెంకటకృష్ణ టిఫిన్ డబ్బా కోసం వెనక్కి తిరిగాడు. అతడు రాలేదు.

ఆ శబ్దం ఇప్పుడు నా దవడలోంచి వచ్చింది. ఎప్పుడు లేచానో నాకు తెలియదు. బస్టాండు దగ్గర చూసుకుంటే మెడకు దవాఖానా గుడ్డ ఉన్నది, కాళ్ళకు చెప్పులు లేవు.

6. శారద నా చెప్పులు పట్టుకుని వచ్చింది. కోపం చేయలేదు. "నేను పక్కన నిలబడితే కూసుంటవా?" అని అడిగింది. అవ్ అన్నాను. కానీ ఆ గదిలోకి తోడు మనుషులను రానివ్వరని బెంచీ మీది వారు చెప్పినారు. కావున తమరి అనుమతి కోరుచున్నాను.

ఒక భయస్థుని మనవిగా దీనిని చిత్తగించి, వచ్చే మంగళవారం లోపు ఉత్తర్వు ఇప్పించ ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
కొప్పుల గోపాలు

తా.క.: పోస్టు చేయకముందే శారద ఇది చదివింది. "డాక్టరమ్మను అడిగితే అయిపోతది గదా" అని తానే పోయి అడిగింది. డాక్టరమ్మ వెంటనే సరేనన్నారట.

నిన్న తీశారు. రెండుసార్లు లేవబోయాను. రెండుసార్లూ శారద భుజం మీద చేయి వేసి "ఏం కూలతలేదు, కూసో" అన్నది. దవడ ఉన్నచోటనే ఉన్నది. పుండు మానే దాకా జావే తాగమన్నారు. అక్కడ మళ్ళీ స్క్రూ వేయవచ్చునో లేదో తరువాత చూస్తారట. కుడిదాని చుట్టూ రెండు పూటలా తోముతున్నాను.

అయినా ఈ అర్జీ పంపుతున్నాను. తోడెవరూ లేక ఒక్కరే వచ్చి ఆ కుర్చీలో కూర్చునేవారు ఉంటారు. వారి పక్కన ఎవరినైనా కాసేపు నిలబెట్టించగలరు.