పై గిన్నెలో ఉత్తరం

పెరంబూరు,
బుధవారం పొద్దున

ప్రియమైన మామకు,

రాసాత్తి రాస్తున్నది. ఫోన్ చేస్తే మీకు వినపడదు, మెసేజ్ కొట్టడం నాకు రాదు. అందుకని ఐదో క్లాసు చదువును మళ్ళీ బయటికి తీశాను. క్యారియర్ పై గిన్నెలో కూర లేదు, ఈ ఉత్తరమే ఉంది. ముందు ఇది చదివి తరవాత తినండి. తిన్నాక చదువుదామంటే మరచిపోతారు. జవాబు అదే గిన్నెలో పెట్టి కాళిముత్తు ఆటోలో పంపించండి.

నిన్న క్యారియర్ నేనే తెచ్చి, మీరు చెయ్యి కడుక్కుని వచ్చేలోగా చెప్పకుండా వెళ్ళిపోయాను. ఏమీ అనుకోకండి. స్టవ్ ఆర్పానో లేదో అని అనుమానం వచ్చింది. ఇంటికొచ్చి చూస్తే ఆర్పే ఉంది.

మీరు చాప చుట్టుకుని మాధవరం షెడ్డుకు పోయి ఎనిమిది రోజులు. ఆ కారో కట్టుకున్న నేనో తేల్చుకోమన్నది కోపంతో కాదు మామా, భయంతో. పోయిన నెల మూలకడై జంక్షన్లో ఏం జరిగిందో మీరు చెప్పలేదు, కాళిముత్తు చెప్పాడు. వెనక లారీవాడు హారన్ కొడుతూనే ఉన్నాడట. మీ పాటికి మీరు పక్కకు తిప్పారట. అద్దం ఒక్కటే పోయింది. అద్దం ఉన్నచోట మీ చెయ్యి ఉంటే? ముప్పై నాలుగేళ్ళు రైలు కోచ్ ఫ్యాక్టరీలో సుత్తి దెబ్బల మధ్య పని చేసి చెవులు అక్కడే వదిలేసి వచ్చారు. చెవులు లేని మనిషి, పైకప్పు లేని కారు. ఆదివారం మోటారు షోకు పోవాలంటే మాధవరం నుంచి ఐలాండ్ గ్రౌండ్స్ దాకా మెట్రో తవ్వకాల మధ్య, హార్బరు లారీల మధ్య నడపాలి. మీ కిట్ కార్ల క్లబ్బులో మిగతా ఐదుగురికీ వినపడుతుంది. మీకు వినపడదు.

పెట్టెల్లో ముక్కలుగా వచ్చిన పాత కిట్టును మీరూ మీ స్నేహితుడు నాగప్పనూ పన్నెండేళ్ళు కూచుని కారుగా బిగించారు. ఆ గొప్ప నేను కాదనను. తోలడానికి మాత్రం నాగప్పన్‌కు ఇవ్వండి. అతను నడుపుతాడు, మీరు పక్కన కూచోండి. నేను అడిగేది అదొక్కటే.

మజ్జిగ ఒలికిపోకుండా మూత కింద కాగితం పెట్టాను, చూసి తీయండి.

మీ రాసాత్తి

*

మాధవరం షెడ్డు,
బుధవారం మధ్యాహ్నం

ప్రియమైన రాసాత్తికి,

కూర బాగుంది. ఉప్పు తక్కువ.

నాగప్పన్‌ను నడపమన్నావు. వాడి పేరు ఇక నా దగ్గర ఎత్తకు.

బ్రేక్ పెడల్‌ను కింది కడ్డీకి కలిపే పిన్ను పోయింది. చిటికెన వేలంత ఉంటుంది. కిట్టుతో వచ్చినది తుప్పు పట్టిపోతే, ఆ సైజు బజారులో దొరక్క, నాగప్పనే మూడు రోజులు లేత్ మిషను దగ్గర నిలబడి ఇనుము తిప్పి కొత్తది చేశాడు. నిన్న పొద్దున విప్పిన ముక్కలన్నీ తెల్లగుడ్డ మీద వరసగా పెట్టాను. ఆ పిన్ను మాత్రం నూనె కాగితంలో చుట్టి రేకు డబ్బాలో వేశాను. సాయంత్రం చూస్తే డబ్బా ఉంది, పిన్ను లేదు. షెడ్డుకు తాళంచెవులు రెండే. ఒకటి నాది, ఒకటి వాడిది. నువ్వూ వచ్చావు గానీ, నువ్వు ఆ కారును చీపురుతో కూడా తాకవు.

పోయిన వారమంతా వాడు ఈ ఏడు వద్దు, బ్రేకు ఇంకోసారి చూసుకుని వచ్చే ఏడు పోదామని నస పెట్టాడు. నేను వినలేదు. అందుకే దాచాడు. ఈ పొద్దున క్లబ్బు సెక్రటరీ రఘురామ్ ముందర, మిగతా ఓనర్ల ముందర నిలబెట్టి అడిగాను. వాడేదో అన్నాడు. వినపడలేదు. పెదవులు చూశాను, అర్థం కాలేదు. తాళంచెవి నేల మీద పడేసి వెళ్ళిపోయాడు. తప్పు చేయనివాడు అట్లా ఎందుకు పోతాడు?

షో మానేది లేదు.

మారిముత్తు

*

పెరంబూరు,
గురువారం

మామకు,

మీ ఉత్తరం వచ్చిన దగ్గర నుంచి నాకు కూచుంటే నిలబడాలని, నిలబడితే కూచోవాలని ఉంది. నాగప్పన్ అట్లాంటివాడు కాదు. మీ కడుపు ఆపరేషన్ అప్పుడు ఆసుపత్రి వరండాలో నాలుగు రోజులు నాతోపాటు కూచున్నది ఎవరు? నేను టీ తాగలేదని తనూ తాగని మనిషి. అట్లాంటివాణ్ణి పదిమందిలో నిలబెట్టి అడిగారా? ఒక్కణ్ణే పక్కకు పిలిచి అడగకూడదా?

పిన్ను దొర్లిపోయి ఉంటుంది. కారు కింద చూశారా? ఎలుకలు నూనె వాసనకు లాక్కుపోతాయి. బీరువా వెనక చూశారా?

ఇంకో మాట. నాకు తెలియక అడుగుతున్నాను. పిన్ను లేకపోతే బ్రేకు లేదు. బ్రేకు లేకపోతే కారు బయటికి పోకూడదు కదా? అట్లయితే దేవుడే ఆపాడనుకుని ఈ ఏడుకు ఊరుకోండి. నాగప్పన్‌కు కబురు పెట్టండి.

పొద్దుటి నుంచి వంటింట్లో మెంతుల డబ్బా మూత తీస్తున్నాను, పెడుతున్నాను. పులుసులో మెంతులు వేశానో లేదో కూడా గుర్తు లేదు. చేదుగా ఉంటే పారేయండి.

మీ రాసాత్తి

*

మాధవరం షెడ్డు,
శుక్రవారం

రాసాత్తికి,

కారు కింద చూశాను. బీరువా వెనక చూశాను. ఎలుకలు లేవు.

పిన్ను బదులు బోల్టు వేశాను. షెడ్డు ఆవరణలో నాలుగు చుట్లు తిప్పి చూశాను, బ్రేకు పడుతోంది. పదమూడు కిలోమీటర్లే కదా. షో కార్డులో డ్రైవరు పేరు దగ్గర ఇప్పుడు నా పేరు రాయించాను. ఆదివారం ఏడు గంటలకు ఆరు కార్లూ వరసగా బయలుదేరతాయి. నాది చివరిది. పక్క సీటు ఖాళీ.

పులుసు చేదుగా ఉంది. తిన్నాను.

మారిముత్తు

*

పెరంబూరు,
శనివారం పొద్దున

మామా,

ఈ కాగితం మడతలో మెంతుల వాసన కొట్టే వస్తువు ఒకటి ఉంది. అది మీ పిన్ను.

నేనే తీశాను. మంగళవారం మీరు పంపు దగ్గర ఇటు వీపు పెట్టి చెయ్యి కడుక్కుంటున్నారు. రేకు డబ్బా మూత తీస్తే గణగణమని మోగింది. మీరు తిరగలేదు. అంత మోతా మీ చెవికి అందలేదు. వినపడని మనిషి దగ్గర దొంగతనం చేశాను.

గుడ్డ మీద అన్ని ముక్కలున్నా దీన్ని ఒక్కదాన్నే నూనె కాగితంలో చుట్టారు కాబట్టి ఇది లేకపోతే కారు కదలదనుకున్నాను. బ్రేకుదని తెలియదు. దాని చోట మీరు ఇంకోటి వేస్తారని నా బుద్ధికి తట్టలేదు. కొంగున కట్టుకుని వచ్చి మెంతుల డబ్బాలో పూడ్చాను. నాగప్పన్ మీద నింద పడిందని బుధవారమే తెలిసింది. అప్పుడైనా చెప్పలేదు. ఇంకో నాలుగు రోజులు ఓర్చుకుంటే షో అయిపోతుంది, తరవాత చెబుదాం అనుకున్నాను. నింద కంటే మీ ప్రాణం ఎక్కువనుకున్నాను.

నిన్న మీ ఉత్తరం చదివి కాళిముత్తును అడిగాను, బోల్టు వేస్తే ఏమవుతుందని. అతను తల పట్టుకున్నాడు. "పిన్ను నున్నగా ఉంటాదక్కా. బోల్టుకు మరలుంటాయి. తొక్కేకొద్దీ కోసుకుంటా వస్తాది. ఏ తొక్కుడుకి తెగుతాదో ఎవురికీ తెలీదు" అన్నాడు.

మిమ్మల్ని ఆపాలని చేసిన పనికి మంచి పిన్ను నా డబ్బాలో చేరింది, చెడ్డ బోల్టు మీ కాలి కింద ఉంది. ఇది చదవగానే మార్చండి. నన్ను ఏమన్నా అనండి. ముందు మార్చండి.

రాసాత్తి

*

తొండియార్‌పేట, నాగప్పన్ ఇంటి నుంచి,
శనివారం మధ్యాహ్నం

మామా,

క్యారియర్ పంపినది పంపినట్టే తిరిగి వచ్చింది. షెడ్డుకు తాళం వేసి మీరు రఘురామ్‌తో వెళ్ళారట, రాత్రికి గానీ రారట. పై గిన్నె మూత తీసినవాళ్ళు లేరు. పిన్ను మళ్ళీ నా చేతికే వచ్చింది. దాన్ని కొంగున కట్టుకుని కాళిముత్తు ఆటోలో నేరుగా ఇక్కడికి వచ్చాను.

నాగప్పన్ నన్ను చూసి, "ఏం వదినా, ఈడ దాకా వస్తివి?" అని కుర్చీ వేశాడు. కూచోలేదు. కొంగు విప్పి పిన్ను చూపించి జరిగినదంతా చెప్పాను. అతను పిన్ను తీసుకుని వెలుతురు దగ్గర తిప్పి తిప్పి చూశాడు. తిట్టినా బాగుండేది.

చివరకు అన్నాడు: "మూడు దినాలు నిలబడి తిప్పింది వదినా ఇది. దీన్ని నేనే దాస్తానా అని అన్నకు తోచలేదు చూడు, అదే నాకు నొప్పి. అయినా అన్నకు ఆ రోజు..." అని ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నాడు. ఏమిటని అడిగితే ఏం లేదన్నాడు.

రఘురామ్‌కు ఫోన్ చెయ్యమన్నాను. చెయ్యనన్నాడు. "ఆయన ముందర దొంగైనాను. ఆయన ముందరే తేలాల" అన్నాడు. అందులో తప్పేముంది? రేపు పొద్దున ఆరింటికి వచ్చి పిన్ను బిగిస్తానన్నాడు. బండి నువ్వే నడపరాదా అని చెయ్యి పట్టుకున్నాను. ఆ సీట్లో కూచోనని చెయ్యి వదిలించుకున్నాడు.

పొద్దుటి కాగితమూ ఈ కాగితమూ రేపు షెడ్డు గేటు దగ్గర మీ చేతికి ఇస్తాను. నోటితో చెబితే మీకు సగమే అందుతుంది. ఇది సగం అందకూడదు. తరవాత రఘురామ్ ముందూ ఓనర్ల ముందూ నేనే నిలబడి, దొంగను నేనని చెబుతాను. ఇంతమంది మగవాళ్ళ ముందు నేనెప్పుడూ మాట్లాడలేదు.

అంతా విన్నాక కూడా మీరు నడుపుతానంటే, పక్క సీటు నాది. కాదనకండి. మూడో ఇంట్లో కుక్కర్ కూత వేస్తే లెక్కపెట్టేదాన్ని నేను. ఎవరు హారన్ కొట్టినా మీ మోకాలి మీద తడతాను. మీరు తప్పుకోండి.

రాసాత్తి

*

ఐలాండ్ గ్రౌండ్స్,
ఆదివారం సాయంత్రం

ప్రియమైన రాసాత్తికి,

రేపు సెలవు కాబట్టి షో రేపు కూడా ఉంది. ఓనర్లందరం కార్ల దగ్గరే ఉన్నాం. నిన్ను కాళిముత్తుతో ఇంటికి పంపాక ఇది రాస్తున్నాను.

నా ఎడమ మోకాలు వాచింది. లారీకి తట్టావు, సరే. పాలవాడి సైకిల్ గంటకు తట్టావు. బేసిన్ బ్రిడ్జి దగ్గర గుడిగంటకూ తట్టావు. మూలకడైలో రెండు చేతులతో తట్టావు. పక్కకు తీశాను. లారీ పోయాక దాని గాలి మొహానికి తగిలింది. నువ్వు లేకపోతే నాకు తెలిసేది ఆ గాలి ఒక్కటే.

నువ్వు అందరి ముందూ నిలబడి మాట్లాడుతుంటే నీ పెదవులు చూస్తూ ఉన్నాను. ఒక్క మాట తప్పిపోలేదు. ఆ తరవాత నాగప్పన్ పెడల్ కిందికి దూరి బోల్టు ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. నాలుగు చుట్లకే సగం కోసుకుపోయి ఉంది. నా మొహం చూడకుండా పిన్ను బిగించాడు.

ఇప్పుడు నా సంగతి. నీకు చెప్పకుండా నేనూ ఒకటి దాచాను. ఇల్లు వదిలి వచ్చిన నాలుగో రోజే షో కార్డులో డ్రైవరు పేరు దగ్గర నాగప్పన్ పేరు రాయించాను. మూలకడై తరవాత నాకే భయం వేసింది. నువ్వు మొదటి ఉత్తరంలో అడిగినది నేను అంతకు ముందే చేశాను. కానీ నీ మాటే నెగ్గిందని నీకు తెలియడం ఇష్టం లేక, వదినకు చెప్పొద్దని వాడి చేత ఒట్టు వేయించుకున్నాను. నేను తనను దొంగన్నాక కూడా వాడు ఆ ఒట్టు దాటలేదు. నిన్న నీ దగ్గర నోరు మూసుకున్నది అందుకే.

నేను చెప్పి ఉంటే నువ్వు పిన్ను తీసేదానివి కాదు. నడపాల్సినవాణ్ణి నేనే తరిమి ఆ సీట్లో నేనే కూచున్నాను.

మధ్యాహ్నం కారు దగ్గర నువ్వుండగానే వాడికి తప్పయిందని చెప్పాను. వాడు పక్కకు తిరిగి ఏదో అన్నాడు. ఈసారీ నాకు అందలేదు. మళ్ళీ చెప్పమని అడగడానికి మొహం చెల్లలేదు. ఇప్పుడు కారుకు అటువైపు కూచున్నాడు. నేను ఇటువైపు ఉన్నాను. చూడవచ్చినవాళ్ళు మా ఇద్దరి పేర్లున్న బోర్డు చదివి, మారిముత్తు ఎవరు, నాగప్పన్ ఎవరని అడుగుతున్నారు. చెరొక చెయ్యి ఎత్తుతున్నాం.

మారిముత్తు

*

పెరంబూరు,
సోమవారం పొద్దున

ప్రియమైన మామకు,

ఒట్టు సంగతి చదివి మీ మీద ఎంత కోపం రావాలో అంతా వచ్చింది. ఇంటికి రండి, చెబుతాను. నా మీద మీకు రావలసినది కూడా అప్పుడే కానివ్వండి.

నిన్న నాగప్పన్ అన్న మాట మీకు అందలేదని రాశారు. నాకు అందింది. జనం మధ్య మీ చెవిలో అరిచి చెప్పే మాట కాదని ఊరుకున్నాను. అతను అన్నది ఇది:

"పొయ్యేటప్పుడు నేను తోలతా. వదినను ఆటోలో రమ్మను. ఆమె తట్టే తట్టుకి బండి నిలుస్తాది గానీ మోకాలు నిలవదు."

అందుకే ఈ రోజు క్యారియర్ పెద్దది. పై గిన్నెలో ఉత్తరం, మధ్య రెండింటిలో అన్నం. కింది గిన్నెలో నెత్తళ్ళ చేపల పులుసు ఉంది, అది నాగప్పన్‌కు ఇష్టం. చేదు లేదు, రెండుసార్లు రుచి చూశాను. ముందు అతనికి వడ్డించి తరవాత మీరు తినండి.

సాయంత్రం మీరు పక్క సీట్లో చేతులు లోపల పెట్టుకుని కూచోండి. మూలకడై దగ్గర నెమ్మదిగా పొమ్మని చెప్పండి. బయలుదేరే ముందు పిన్ను ఉందో లేదో ఒకసారి ఇద్దరూ చూసుకోండి. ఈసారి నేను తియ్యలేదు.

మీ రాసాత్తి