మూత తీస్తే పోయే నీలం

బొంబాయి,
ఆదివారం

బాపుకు, అవ్వకు సరోజన మొక్కులు. నేనిక్కడ కులాసా. మీరంతా కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. బాపూ, నీ దగ్గు తగ్గిందా? దవాఖానకు పోయావా, లేక అవ్వ కషాయంతోనే నెట్టుకొస్తున్నావా?

ఇక్కడ వాన మొదలై మూడు వారాలైంది. ఉతికిన చీర మర్నాటికీ ఆరదు. హాస్టల్ పప్పులో బెల్లం వేస్తారు. ఇదేమిటని అడిగితే నన్నే వింతగా చూశారు. అవ్వా, ఎవరైనా ఇటు వస్తుంటే చింతకాయ తొక్కు పంపు. నేను బాగానే తింటున్నాను, బెంగపడకు.

అసలు సంగతి వదిలేసి ఇవన్నీ రాస్తున్నాను. నా పరిశోధన సాగనేలేదు బాపూ. నాలుగు నెలలూ అదే గాజు గొట్టం, అదే ఓటమి. నెలాఖరులోగా ఫలితం చూపించకపోతే నా సీటు ఇంకొకరికి ఇస్తానని నా పని చూసే సార్ చెప్పేశారు. ఆ గొట్టాన్ని గోడకేసి కొట్టాలనిపించేది.

"గక్కడ మా పొల్ల ఏం జేస్తాంది?" అని అవ్వ అడిగిందట, తమ్ముడు రాశాడు. చెబుతాను. గొట్టంలోని నీళ్లలో రెండు రకాల అణువులుంటాయి. నారింజ రంగుది వెలుతురును పట్టుకుంటుంది. ఆ బలంతో తన ఎలక్ట్రాన్ ఒకటి పక్కనున్న రంగులేని దానికి ఇస్తుంది. అందుకున్నది నీలంగా మారుతుంది. ముందే లోపలి గాలినంతా నైట్రోజన్‌తో తరిమేసి మూత బిగిస్తాం, లేకపోతే గాలి ఆ ఎలక్ట్రాన్‌ను లాగేసుకుంటుంది. నీలం గంటసేపు నిలవాలి. నాకేమో కనిపించీ కనిపించకముందే మాయమయ్యేది.

మందు మార్చాను, దీపం మార్చాను, గొట్టాలు కడిగి కడిగి చేతులు పగిలాయి. పోయిన మంగళవారం సార్ నా వెనకే నిలబడి చూశారు. మూత ఎందుకు వదులు చేస్తున్నావని అడిగారు. చేయలేదన్నాను. చూసుకుంటే నా చెయ్యి మూత మీదే ఉంది.

అది నీ చెయ్యి బాపూ. మన నీలిమందు బానలో ముంచిన నూలు పోగుల చిలప పచ్చగా పైకి వస్తుంది కదా. "గాలి తగలనియ్యి బిడ్డా, గప్పుడే నీలం లేస్తది" అని నాకు ఆరేళ్లప్పటినుంచీ చెప్పావు. మన బానలో గాలి ఎలక్ట్రాన్లను తీసుకుంటేనే నీలం వస్తుంది. ఇక్కడ అదే గాలి అదే పని చేస్తే నీలం పోతుంది. ఇదంతా నేను చదివిందే, పరీక్షలో రాసిందే. అయినా కాస్త నీలం కనబడగానే ఇంకా లేవాలని నా వేళ్లు మూత వదులు చేస్తున్నాయి. నాలుగు నెలలు! సార్ ముందు సిగ్గుతో చచ్చిపోయాను. అబద్ధమెందుకు, ఆ రోజంతా నీ మీద కోపంగా ఉన్నాను.

నిన్న రెండు చేతులూ కొంగులో చుట్టుకుని దూరంగా నిలబడ్డాను. నీలం వచ్చింది. గంటా పది నిమిషాలు ఉంది. అచ్చం మన నీలమే బాపూ. పిలిచి చూపిద్దామంటే మీరెవరూ లేరు, ఏడుపొచ్చింది. సార్ మాత్రం ఇంకో మూడుసార్లు చేసి చూపించమన్నారు. తొమ్మిది రోజులే ఉన్నాయి. నా చేతుల మీద నాకే నమ్మకం లేదు.

పెద్దబాపుకు, పెద్దమ్మకు నా దండాలు చెప్పండి. నన్ను దీవించండి. ఒక్క కోరిక బాపూ. ఈసారి బాన పెట్టినప్పుడు మొదటి చిలపను నా పేరు చెప్పి గాలికి ఎత్తు. ఇక్కడ నేను మూత ఎత్తకూడదు.

మీ బిడ్డ,
సరోజన